కోటలో నీళ్ళు యాడ?

పోయిన వారం మా సేద్యపు బావిలోంచి మోటారు పైకి తీశారు. మాది కనకమ్మసత్రం దగ్గర, తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే దారిలో. మెకానిక్ గట్టు మీద గొంతుక్కూర్చుని తుప్పు పట్టిన నట్టుతో కుస్తీ పడుతుంటే చేతిలోని స్పానర్ జారి బావిలోకి పోయింది. క్షణం పాటు ఏ చప్పుడూ లేదు. అందరం ఊపిరి బిగబట్టి కిందికి వంగాం. అప్పుడు ఎక్కడో అడుగున, చల్లటి చీకట్లో, ‘దుబుక్’ మంది. మెకానిక్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నేను నవ్వాను. ఆపుకుందామన్నా ఆగలేదు, గట్టు పట్టుకుని కళ్ళు తడిసేదాకా నవ్వాను. అతనికి ఒళ్ళు మండింది. అతని నష్టం చూసి నవ్వానని అనుకుని ఉంటాడు. కాదు. వస్తువు చేయి జారాక నీళ్ళు పలికేదాకా ఉండే ఆ చిన్న నిశ్శబ్దం నాకు ఒక మనిషిని తెచ్చి ఎదురుగా కూర్చోబెడుతుంది. ఆ మనిషి ఎదురుగా ఉంటే నవ్వకుండా ఉండడం ఎవరి వల్లా కాదు.

సులోచనక్క నా మొదటి యజమాని. తర్వాత ఇంకొకరి దగ్గర పనిచేయాల్సిన అవసరం రాలేదు. తిరువళ్ళూరు స్టేషన్ దగ్గర ఒక మెస్సు పైన, మేడ మీద గదుల్లో ఆమె డ్రాయింగ్ ఆఫీసు ఉండేది. కింద సాంబారుకు తాలింపు పడితే పైన మాకు టైమెంతో తెలిసిపోయేది. ఎక్కడెక్కడి దేశాల్లోని ఆర్కిటెక్టులు పాత కట్టడాలను లేజరుతో స్కాన్ చేసి కొలతలు పంపేవాళ్ళు. మేం వాటిని చూసి నక్షాలు గీసి పంపేవాళ్ళం. అక్క పొదటూరుపేట పక్క పల్లెలో రైతుబిడ్డ. పాలిటెక్నిక్‌లో కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, ఒకరి కింద పనిచేయడం తన ఒంటికి పడదని మానేసి ఈ ఆఫీసు పెట్టింది. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. నవ్విందంటే కింద మెస్సులో తింటున్నవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు.

డిప్లొమా పూర్తి చేసి ఉద్యోగం కోసం వెళ్ళిన రోజు ఆమె నన్ను మార్కులు అడగలేదు. ఒక ఇంటి నక్షా నా ముందు పరిచి, “నీళ్ళు యాడ?” అంది. నేను ధీమాగా స్నానాల గది మీద వేలు పెట్టాను. తల అడ్డంగా ఊపింది.

“అది పొయ్యే నీళ్ళమే. వచ్చే నీళ్ళు యాడ?”

వెతికాను. వంటింట్లో కుళాయి ఉంది గానీ అందులోకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నక్షాలో లేదు. తెలియదన్నాను. చదువంతా చదివి తెలియదనడం నాకు నామోషీగానే అనిపించింది. అక్క మాత్రం, తెలియని చోట గీత గీసేసేవాళ్ళే లోకంలో ఎక్కువనీ, తెలియదని ఆగేవాళ్ళు తనకు కావాలనీ చెప్పి రేపట్నుంచి రమ్మంది. ఆ ప్రశ్న ఆమెకు ఊరికే పుట్టింది కాదని తర్వాత తెలిసింది. వాళ్ళ తాత పొలాన్ని కొడుకులకు పంచినప్పుడు అందరికీ సమానంగా, వెంట్రుకవాసి తేడా లేకుండా భాగాలు వేశారట. బావి ఉమ్మడి అన్నారు. ఆ బావికి దారి మాత్రం వదల్లేదు. అక్క వాళ్ళమ్మ బిందె పట్టుకుని నలుగురి పొలాలు చుట్టి, నలుగురి సణుగుడు విని నీళ్ళు తెచ్చేది. భాగాలు పంచినవాళ్ళు పెద్దమనుషులే గానీ బిందె మోసినవాళ్ళు కాదు గదా అనేది అక్క.

ఆమె పని చెప్పే పద్ధతి ఇంకెక్కడా చూడలేదు. గీత గీయబోయే ముందు ఆ ఇంట్లో కాపురం చేయాలి. అంటే కంప్యూటర్లు కట్టేసి, కుర్చీలు దగ్గరికి లాక్కుని, ఎవరు ఎక్కడ పడుకుంటారు, పొగ ఎటు పోతుంది, చుట్టాలొస్తే ఎక్కడ కూర్చోబెడతారు, ముసలాయన రాత్రి లేస్తే ఎటు నడవాలి అని మాట్లాడుకోవాలి. గదుల పేర్లు మొదట తెలుగులో రాయాలి, చివర్లో ఇంగ్లీషులోకి మార్చాలి. నేను చదివింది తమిళంలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అక్షరాలు రావు. పటాలు గీయడం నేర్చుకోవడానికి వెళ్ళినదాన్ని ‘పడకిల్లు’, ‘వసారా’, ‘చావడి’ అని గదులకు పేర్లు రాస్తూ తెలుగు నేర్చుకున్నాను. ‘ళ్ళు’ రాయడం నాకు చాలాకాలం గండంగానే ఉండింది. మీరు చదువుతున్న ఈ నాలుగు ముక్కలూ ఆమె పెట్టిన భిక్షే.

ఒక ఎండాకాలం మాకు కోట వచ్చింది.

జర్మనీలో ఒక కొండకొన మీద ఎనిమిది వందల ఏళ్ళ కిందట కట్టిన కోట. దాని పేరు పలకబోయి గజేంద్రన్ అన్న నాలుక కరుచుకున్నాడు. పట్టాభిరామ్ నుంచి లోకల్ రైల్లో వచ్చే గజేంద్రన్ అన్న మాలో సీనియర్, పని రాక్షసుడు. స్క్రీన్ మీద కోట అంతా కోట్ల చుక్కలుగా కనిపించింది, పొగమంచులో నిలబడినట్టు. ఆ చుక్కల్లోంచి గోడలు పట్టుకుని గీయాలి. గజేంద్రన్ అన్న మొదటిరోజే చుట్టుగోడను చక్కగా, నిటారుగా, మూలమట్టానికి గీసి చూపించాడు. అక్క కాసేపు చూసి, స్కాన్‌లో గోడ వంకరగా ఉంటే నీ దాంట్లో తిన్నగా ఎట్ల వచ్చిందని అడిగింది. కట్టినవాళ్ళు తప్పు కట్టి ఉంటారు, సరిచేశానన్నాడు.

“గోడ కొండ చెప్పినట్టు వినిందన్నా. నువ్వు కంప్యూటర్ చెప్పినట్టు వింటా ఉండావు.”

నిజమే. కొండ ఎక్కడ వంగితే అక్కడ గోడ వంగింది, ఎక్కడ బండ పొడుచుకొస్తే అక్కడ దాన్నే పునాది చేసుకుని లేచింది. కొండ మూడు వైపులా కోసినట్టు లోయలోకి దిగిపోతుంది. నాలుగో వైపు మాత్రం సన్నటి మెడలాగా వెనకాల గుట్టలకు అతుక్కుని ఉంటుంది. శత్రువు రావాలంటే అటే రావాలి. అందుకని ఆ మెడను అడ్డంగా తొలిచి అగడ్త చేశారు. అందులో నీళ్ళు లేవు, ఒట్టి రాతి గండి. అటు వైపు గోడ అన్నిటికన్నా మందం. దాని వెనకే ఎత్తైన బురుజు. ఆ బురుజుకు తలుపు నేలమీద లేదు, రెండు మిద్దెల ఎత్తున ఉంది. తలుపు అంత ఎత్తున ఎందుకు పెట్టారో మాకు ఒక పూటంతా అర్థం కాలేదు. ఇల్లంతా శత్రువు చేతిలోకి పోయిన రోజున నిచ్చెన వేసుకుని ఎక్కి, నిచ్చెనను పైకి లాక్కోవడానికట. అందులో ఎవరూ కాపురం ఉండరు. ఆపద కోసం కట్టిపెట్టుకున్న కట్టడం.

మమ్మల్ని ఆ కోటకు చుట్టాలను చేసింది మాత్రం బురుజు కాదు, లోపలి ఇళ్ళు. ఒకే చుట్టుగోడ లోపల మూడు వేరు వేరు పెద్ద ఇళ్ళు, మూడింటికీ వేరు మెట్లు, వేరు వంటిళ్ళు, ఒకదానికొకటి వీపు ఆనించుకుని ఉన్నాయి. వాళ్ళు పంపిన చరిత్రలో ఒక వాక్యం ఉంది: అన్నదమ్ములు కోటను పంచుకుని ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకున్నారని. అక్క బల్ల మీద చెయ్యి చరిచింది. అంతే, ఆ రోజు నుంచి అది మాకు అన్నదమ్ముల కోట. ఎవరి భాగం ఎంత, ఎవరి గోడ ఎవరి మీదికి జరిగింది, పెద్దన్న పొయ్యి పొగ తమ్ముడి కిటికీలోకి పోతోందా అని మేం పంచాయితీ పెట్టుకున్నాం. నన్ను చిన్న కోడల్ని చేశారు. చిన్న కోడలికి మెట్లు మరీ ఇరుకుగా ఉన్నాయని నేను నిజంగానే బాధపడ్డాను.

అంతా అయ్యాక ఆ ప్రశ్న వచ్చింది. ఇంత మంది, ఇన్ని పొయ్యిలు, గుర్రాలు, కొండ కొన. నీళ్ళు యాడ?

స్కాన్ అంతా వెతికాం. కోట వాకిలి, అంటే గవిని పక్కన, ముగ్గురి భాగాల్లో ఎవరి భాగంలోనూ చేరకుండా ఒక చిన్న రాతి గది ఉంది. దాని బయటి గోడలే ఉన్నాయి గానీ లోపల ఒక్క చుక్క లేదు. తలుపుకు తాళం ఉండడంతో స్కాన్ చేసినవాళ్ళు చుట్టూ తిరిగి వెళ్ళిపోయినట్టున్నారు. ఆ గదిలో ఏముందని మెయిల్ పెట్టాం. అక్కడి గుమాస్తా ఎవరో, ఆ గది మీ స్కోప్‌లో లేదు అని జవాబిచ్చాడు. గజేంద్రన్ అన్న ఊరట పడ్డాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా, ఇచ్చింది గీసి పంపిద్దాం అన్నాడు.

“నీళ్ళు స్కోప్‌లో లేకుంటే మనిషి మాత్రం స్కోప్‌లో ఎట్ల ఉంటాడన్నా” అంది అక్క.

నక్షాలు పంపడం ఆపలేదు, గడువు గడువే. అయితే మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. ప్రతి పనికీ ఒక కాపీ అచ్చు తీసి మా గోడకు తగిలించి, దాని మూలన అక్క సంతకం పెట్టేది. ఆ కట్టడంలో మాకు తెలియని గది లేదని ఆ సంతకానికి అర్థం. అన్నదమ్ముల కోటను గోడకు తగిలించింది గానీ సంతకం పెట్టలేదు. ఆ ఖాళీ గది తెల్లగా, పన్ను ఊడిన చోటులాగా ఉండేది. పొద్దున వచ్చినప్పుడు ఒకసారి, సాయంత్రం పోయేటప్పుడు ఒకసారి ఆమె దాని ముందు ఆగేది.

కొన్నాళ్ళకు వీడియో కాల్‌లో మార్తమ్మ వచ్చింది. ఆమె పేరు మార్తా, ఆ కోటను బాగుచేయిస్తున్న ఆర్కిటెక్టు, తల నెరిసిన మనిషి. ‘అమ్మ’ చేర్చింది మేమే. నక్షాలన్నీ మెచ్చుకుంది. తర్వాత గొంతు సవరించుకుని, నడిపి తమ్ముడి ఇంట్లో ప్రార్థన గది అని రాశారే, దాని గురించి ఒక మాట అంది. మేం చాలా మురిపెంగా గీసిన గది అది. చావడి గోడలోంచి లోయ మీదికి పొడుచుకొచ్చి, కింద రాతి దూలాలతో, ఒక్క మనిషి కూర్చునేంత చిన్నగా, పక్కన దీపం పెట్టడానికి గూడుతో సహా ఉంటుంది. పైగా ఇంటికి సరిగ్గా ఈశాన్యం మూల. ఈశాన్యంలో ఒంటరిగా కూర్చునే చిన్న గది దేవుడిది కాక ఇంకెవరిది అవుతుంది? ‘దేవుడి గది’ అని తెలుగులో రాశాను, ప్రార్థన గది అని ఇంగ్లీషులోకి మార్చి పంపాం.

మార్తమ్మ వీలైనంత మర్యాదగా చెప్పింది. అది మరుగుదొడ్డి. దీపం గూడు అనుకున్నది తుడుచుకోవడానికి గడ్డి పెట్టుకునే గూడు.

గజేంద్రన్ అన్న ముఖం చూడాలి అప్పుడు. ఇంక ఈ కోట పని మనకు రాదని ఇంకో ఉద్యోగం వెతుక్కుంటూ తిరగడానికి బస్సు పాస్ గురించి నేను ఆలోచించడం మొదలుపెట్టాను. ఇంతలో పక్కన భూకంపం మొదలైంది. అక్క నవ్వుతోంది. కళ్ళద్దాలు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, మా దేశంలో ఈశాన్యంలో దొడ్డి కడితే వంశం నిలవదంటారనీ, అక్కడ ఎనిమిది వందల ఏళ్ళు నిలిచిందంటే మా వాస్తు పండితులకు ఈ సంగతి చెప్పకూడదనీ మార్తమ్మకు ఇంగ్లీషులో వివరించింది. మార్తమ్మ మొదట అయోమయంగా చూసి, తర్వాత ఆమె కూడా నవ్వింది. మనిషి ఒంటరిగా పోయి తేలికపడి వచ్చే గదే కాబట్టి మీ తప్పు మరీ పెద్దది కాదంది. వాళ్ళ అసలు దేవుడి గది గవిని పైన ఉందట. మేం కాపలావాడి గది అని రాసింది దాన్నే. కోటలో గవిని అన్నిటికన్నా బలహీనమైన చోటు, అందుకే అక్కడ దేవుణ్ణి కాపలా పెట్టారని చెప్పింది. మన పొలిమేర దేవత కూడా అంతే గదా అని అక్క మురిసిపోయింది. ఒక తప్పును దాచకుండా, సాగదీయకుండా, ఎదుటివాళ్ళను కూడా కూర్చోబెట్టుకుని నవ్వేసి దిద్దుకోవచ్చని నేను ఆ రోజే తెలుసుకున్నాను. పని పోలేదు. మార్తమ్మ ఆ తర్వాత ఊరికే పలకరించడానికి కూడా ఫోన్ చేసేది.

ఆ కాల్‌లోనే అక్క తాళం వేసిన గది గురించి అడిగింది. అది బావి గదేనట. పైకప్పుకు వేసిన కొయ్య చివికిపోయి ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదట. లోపల రాళ్ళూ చెత్తా పడి పూడిపోయింది, పూడిక తీయాలి, అడుగున ఇంకా నీళ్ళున్నాయో లేదో తమకే తెలియదంది. బావి అని తెలిసింది గదా, గుండ్రంగా గీసి సంతకం పెట్టేయక్కా అన్నాం. నీళ్ళు లేకుంటే అది బావి కాదు, గుంత అంది.

మరుసటి ఏడు కబురు వచ్చింది. కోట బాగు చేయడం పూర్తవుతోంది, నక్షాలు గీసినవాళ్ళలో ఒకరు వచ్చి చూడాలి, దారి ఖర్చు మాది అని. ఆఫీసులో పండగ.  అక్క మాత్రం చాలా మెల్లగా అంది, ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళు గీశానో, వాటిల్లో ఒక్క ఇంట్లో కూడా కాలు పెట్టలేదని.  ఆమె ఆ కోటలో కాలు పెట్టితీరాలని నేనూ గజేంద్రన్ అన్నా అప్పుడే తీర్మానించుకున్నాం.

అడ్డం మోకాళ్ళు. అక్క మోకాళ్ళు మా మేడ మెట్లకే మూలిగేవి. కోటకు కార్లు పోవు, కింద వాగు దగ్గర ఆపి కొండ ఎక్కాలి. సరే, అలవాటు చేసుకుంటే అవుతుందని ఆమె ఖరీదైన బూట్లు కొనుక్కుంది. జనం ఎక్కువ లేని రోజు చూసి పొద్దున్నే తిరుత్తణి కొండకు పోయాం. పైదాకా రోడ్డు ఉన్నా మెట్లే ఎక్కాలని పట్టు. తీరా మొదటి మెట్టు దగ్గరకు వచ్చాక తెలివి వచ్చింది. మురుగన్ కొండ మెట్లు బూట్లతో ఎట్లా ఎక్కుతాం? కొత్త బూట్లకు అభ్యాసం చేయించడానికి వచ్చి, బూట్లు సంచిలో వేసుకుని వట్టి కాళ్ళతో ఎక్కడం మొదలుపెట్టింది. ఆ సంచి మోసింది నేనే. దారిలో దిగే ముసలమ్మలందరితో మాట్లాడింది. నడుమ ఒక మంటపంలో కూర్చుంది. ఇడ్లీ పొట్లం విప్పింది. తిన్నాక లేవలేదు.

ఇంకో రోజు మళ్ళీ వచ్చాం. మళ్ళీ అదే మంటపం. మూడోసారి ఆ మంటపం కూడా రాలేదు. అక్క ఒక మెట్టు మీద కూర్చుని మోకాలు పట్టుకుంది. నొప్పి దిగేదాకా కింద ఊరిని చూస్తూ ఉండిపోయింది. నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. ఆమె సంచిలోంచి బూట్లు తీసి నా ముందు పెట్టింది.

“కాలు పెట్టి చూడు. సరిపోతాయా?”

“నువ్వు లేకుండా నేనెట్ల పోయేదక్కా?”

“నేను లేకుండా ఎట్ల పోతావు? బూట్లు నావే గదా. కండిప్పా పోవాల, తప్పదు.”

బూట్లు నాకు వదులు. రెండు జతల మేజోళ్ళు వేసుకుంటే సరిపోయాయి. మెట్ల పక్కన నిలబడి ఆ బూట్లతో నన్ను అటూ ఇటూ నడిపించి చూసింది. ఏడుస్తానేమో అనుకున్నాను, ఆమె నడక నేర్పుతున్నట్టు చప్పట్లు కొడుతుంటే నవ్వొచ్చింది.

ఆ బూట్లతోనే వెళ్ళాను. వాగు దాటి, చెట్లలోంచి చుట్టు తిరిగి కొండ ఎక్కాక, మలుపులో కోట ఒక్కసారిగా ఎదురైంది. నాకు కొత్త అనిపించలేదు. పెళ్ళయి వెళ్ళిన తోబుట్టువు ఇంటికి పోయినట్టే అనిపించింది. గవిని ముందు మార్తమ్మ చేతులు చాచి నిలబడి ఉంది. నేను దణ్ణం పెట్టి, ముందు తిరువళ్ళూరుకు వీడియో కాల్ కలిపాను. అక్క, గజేంద్రన్ అన్న ఒకే కుర్చీకి సరిపోయేంత దగ్గరగా ముఖాలు పెట్టి కనిపించారు. అక్క వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కుడి కాలు ముందు పెట్టమంది. పెట్టాను.

మార్తమ్మ కోటను చూపించడానికి సిద్ధపడి వచ్చింది గానీ ఆ రోజు చూపించింది అక్క. గవినిలో కుడి వైపు గోడకు ఒరుసుకుని బండ ఉంటుంది చూడు అంటే ఉంది. చిన్న కోడలి మెట్ల దగ్గర తల వంచు అంది, వంచాను గనుక బతికాను. పెద్దన్న పొయ్యి ముందు ఆగి పొగ గూటిలోకి ఫోన్ తిప్పమంది. పొగ తమ్ముడి కిటికీలోకి పోదని అప్పుడు తేలింది, మేం ఒక ఎండాకాలమంతా పెద్దన్నను ఊరికే తిట్టుకున్నాం. బురుజు తలుపు కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూశాం. మార్తమ్మ నవ్వుకుంటూ మా వెనకే నడిచింది. చావడి దాటి ఈశాన్యం మూలకు వచ్చాక అక్క గొంతు గంభీరంగా మారింది.

“బూట్లు ఇడిసి పోమే. మనం దేవుడి గది అన్నాం గదా. మాట తప్పకూడదు.”

ఎనిమిది వందల ఏళ్ళ నాటి దొడ్డి ముందు బూట్లు విడిచి చేతులు జోడించిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. మార్తమ్మ కూడా తన బూట్లు విప్పింది.

చివరికి బావి గదికి వచ్చాం. పైకప్పు కొత్త కొయ్యతో బిగించారు. పూడిక తీయడం అయిపోయిందట గానీ ఆ రోజు దాకా నీళ్ళ సంగతి మార్తమ్మ మాకు చెప్పలేదు. గది నిండా ఒక పెద్ద కొయ్య చక్రం, మనిషి లోపల నిలబడేంత ఎత్తు. అందులో ఇద్దరు మనుషులు నడుస్తూ ఉంటే చక్రం తిరిగి తాడు చుట్టుకుని బొక్కెన పైకి వస్తుందట. బండను ఏళ్ళ తరబడి సుత్తి ఉలులతో తొలిచి వాగు మట్టం దాకా దించిన బావి. లోపలికి చూస్తే నలుపు తప్ప ఏమీ కనిపించలేదు. మార్తమ్మ ఒక చెంబెడు నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చి, పొయ్యమంది. ఫోన్ గట్టు మీద ఆనించి, నీళ్ళు వంచాను.

ఏమీ లేదు. ఎంతసేపటికీ లేదు. ఫోన్‌లో వేరుశనక్కాయల చప్పుడు కూడా ఆగిపోయింది. మార్తమ్మ నా ముఖం చూస్తోంది. గుంతేనేమో అనుకుంటూ నేను గట్టు మీది నుంచి ఇంకా వంగినప్పుడు, కింది నుంచి, చాలా కింది నుంచి, ఎవరో చప్పట్లు కొట్టినట్టు నీళ్ళు పలికాయి. ఆ చప్పుడు గోడలు పట్టుకుని పైదాకా ఎక్కివచ్చింది.

వినబడిందా అక్కా అని అరిచాను.  లైన్ పోయిందేమోనని ఫోన్ తీసి చూస్తే అక్క ఉంది. కళ్ళద్దాలు చేతిలో ఉన్నాయి. చక్రం వైపు ఒకసారి తిప్పమంది. తిప్పాను.

“మా నాయన నీళ్ళు తోడే ఏతం మాను మీద నడిచేవాడు” అంది. “ముందుకీ ఎనక్కీ, బతుకంతా నడిచినాడు. యాడికీ పోలా. నేనూ అంతే గదమే, కూర్చున్న కుర్చీలోనే అన్ని దేశాలూ నడిచినా. పోకుంటే ఏమి, నీళ్ళు వచ్చినాయి.”

అని ముక్కు చీదుకుని, చక్రం లోపల ఎక్కి నడిచి చూడమని గదమాయించింది. పాత చక్రం, ఎక్కనివ్వరన్నాను. స్కోప్‌లో లేదా అని నవ్వింది. ఆ నవ్వు ఫోన్‌లోంచి బావిలోకి దిగి తిరిగి వచ్చింది.

నేను ఊరికి వచ్చేసరికి గోడ మీది నక్షాకు సంతకం పడి ఉంది. కాల్ అయిపోయిన వెంటనే లేచి వెళ్ళి పెట్టిందట, మోకాళ్ళ నొప్పి ఏమైందో అని గజేంద్రన్ అన్న ఇప్పటికీ ఆశ్చర్యపోతాడు. బూట్లు తిరిగి ఇవ్వబోతే తుడవకుండా అట్లాగే ఇమ్మంది. ఆ బురద ఎండి రాలిపోయేదాకా బల్ల కింద ఉంచుకుంది.

సులోచనక్క పోయిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, కన్నుమూసింది. ముందురోజు కూడా ఆఫీసుకు వచ్చి అందరినీ నవ్వించింది. ఆఫీసు ఇప్పుడు నేనూ గజేంద్రన్ అన్నా చూసుకుంటున్నాం. తాలింపు వాసనకు టైమ్ చూసుకోవడం మానలేదు. గీతకు ముందు కాపురం చేయడమూ మానలేదు. కొత్తగా చేరిన అమ్మాయికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు, ఒకప్పటి నాలాగే. మొన్న గోడ మీది కోట ముందు నిలబడి, గవిని పక్క గదిలో బాల్ పెన్‌తో రాసిన మాట ఏమిటని అడిగింది. ఆ చోటు ఇప్పుడు తెల్లగా లేదు. సంతకం పెట్టినరోజు అక్క అక్కడ నీలిరంగు పులిమి, తన పెద్ద పెద్ద అక్షరాలతో రెండు మాటలు రాసింది. నేను ఆ పిల్ల వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీదా నడిపించాను. ‘ళ్ళు’ దగ్గర ఆమె కూడా ఆగిపోయింది.

స్పానర్ పోయి దిగులుగా కూర్చున్న మా మెకానిక్‌కు ఇదంతా చెప్పలేదు. నవ్వినందుకు ఏమీ అనుకోవద్దని, కొత్త స్పానర్ నేను కొనిస్తానని చెప్పాను. ఎందుకు నవ్వినావు చెప్పు ముందు అని అతను పట్టుబట్టాడు. బావిలోకి మళ్ళీ ఒకసారి వంగి చూసి, ఆ గోడ మీది రెండు మాటలే అతనికి చదివి వినిపించాను.

“నీళ్ళు ఈడ.”